వణుకు పాఠం

వెంట్రుకవాసి తేడా రాదు దానికి,
అందుకే కొన్నాం.
ఆరు కీళ్ళ తెల్లటి చెయ్యి.
బాలరప్‌లో మా ల్యాబ్ కిటికీ పక్కన
రాత్రీ పగలూ ఒకటే పని దానికి:
ఇంజెక్షన్ పెన్ను మూత తీయడం,
మీట నొక్కి పట్టడం,
మూత పెట్టడం.
లక్షసార్లు చేసింది,
లక్షసార్లూ పెన్ను పాసయింది.
యెప్పె కేకు తెప్పించాడు.

ట్రయల్‌కి ఇళ్ళకిచ్చిన నలభై పెన్నుల్లో
పదిహేడు తిరిగొచ్చాయి.
మూతలు సోఫాల కింద దొరికాయట.
ఒకదాని సూది వంకర.
ఒకదానికి చుట్టి ఉన్న చీటీలో
అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ:
"ఇది ఎవరి చేతుల కోసం చేశారు?"

చీటీ రాసినావిడ ఇంగర్-లీసె కోఫోడ్.
ముప్ఫై నాలుగేళ్ళు
పింగాణీ పళ్ళాల అంచున నీలి గీతలు గీసింది.
చెయ్యి తిరిగిన మనిషి అంటారే, అలాంటిది.
"గీతకొక ఊపిరి," అంది,
"మధ్యలో వదిలితే పళ్ళెం పోయినట్టే."
ఇప్పుడు మా ముందు కాఫీ పెడుతుంటే
ఆమెకంటే ముందు
కప్పూ సాసరూ మాట్లాడుకుంటున్నాయి.

మణికట్టుకి సెన్సర్ పట్టీ కట్టాను.
సెకనుకి ఐదు.
ఆమె నవ్వింది నా మీద.
"మాత్ర వేసుకున్నాక కొలిస్తే ఏం తెలుస్తుంది?
మాత్ర అరిగిపోయాక రా.
ఫోన్ మోగుతున్నప్పుడు కొలువు,
బిల్లు కట్టే చోట వెనక జనం ఉన్నప్పుడు కొలువు.
నువ్విలా కళ్ళార్పకుండా చూస్తున్నప్పుడు కూడా."
నేను కిటికీలోంచి బయటికి చూశాను.
తెరమీద గీత కాస్త సర్దుకుంది.

ఆ వణుకంతా తెచ్చి రోబో చేతిలో పోస్తే
అది ఒప్పుకోలేదు.
మూడో సెకనులో ఎర్రదీపం వేసుకుని బిగుసుకుపోయింది.
*అసాధారణ కంపనం. సర్వీసుకి ఫోన్ చేయండి.*
చేశాను.
పోగొట్టడానికి కాదండీ, తెప్పించడానికి, అన్నాను.
అవతల చాలాసేపు ఏం వినబడలేదు.
"ఇరవయ్యేళ్ళుగా," అన్నాడు చివరికి,
"అది రాకుండా చూడ్డానికే నాకు జీతం."

పదకొండు రోజులు పట్టింది
ఒక తప్పు నేర్పడానికి.
రిపోర్టులో అలాగే రాశాను ముందు, తప్పు అని.
తర్వాత కొట్టేశాను.

అప్పుడు రాలాయి మూతలు.
వందకి నలభై ఒకటి.
నేలంతా నీలం.
యెప్పె మోకాళ్ళ మీద పాకుతూ ఏరుతున్నాడు,
కేకు ఊసే లేదు.
నాకు మాత్రం ఎందుకో
అదే మొదటి పరీక్షలా అనిపించింది.

మూతకి చిన్న రెక్క పెట్టాం.
నోరు వెడల్పు చేశాం,
తడబడుతూ వచ్చినా దారి దొరికేలా.
మీట పది సెకన్లు పట్టుకునుండాలి మునుపు,
వేలు అదిరితే మందు సగంలో ఆగేది.
ఇప్పుడు తగిలితే చాలు,
మిగతాది లోపల స్ప్రింగు చూసుకుంటుంది.
మూడో నమూనా పగిలింది.
ఐదోది రోబోకి నచ్చింది, మనుషులకి నచ్చలేదు.
ఏడోదానికి వందకి రెండు.

ఫోన్లో చెప్పాను గర్వంగా.
"ఆ రెండూ ఎవరివి?" అంది ఇంగర్-లీసె.

నవంబరు వానలో తనే వచ్చింది చూడ్డానికి.
కోటు విప్పలేదు.
అద్దం ఇవతల నిల్చుని
తన చెయ్యి ఆ తెల్ల ఉక్కులో కదలడం
చాలాసేపు చూసింది.
"నాదే," అంది.
"చివర్లో కుడికి లాగుతుంది చూడు,
కుంచెతో వంపు తిప్పే చోట.
అది జబ్బు కాదు, అలవాటు."
అది నా లెక్కల్లో లేదు.
కంపనంలో కలిపేసి కొలిచాను ఇన్నాళ్ళూ.

ఐదున్నరయింది. తెరమీద అంకె సున్నాకి దించాను.
చెయ్యి నిలిచిపోయింది,
గాలి లేని రోజు జెండాలా.
ఆమె ఆ నిశ్చలాన్ని చూసింది,
నా వేలిని చూసింది.
తన చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.
జేబులు కదులుతున్నాయి.

"ఆపకు," అంది.
"ఎనిమిదోది ఇంకా తేలలేదుగా."